నానో పసుపు చుక్కలు: పెట్టె మీద ఒకటి, సీసాలో ఒకటి

ముప్పై మిల్లీలీటర్ల సీసా. ఎం.ఆర్.పి. 1,450 రూపాయలు, ఆన్‌లైన్‌లో 1,290కి ఇస్తున్నారు. ముదురు గోధుమరంగు గాజు, మూతకే డ్రాపర్, బంగారు రంగు అట్టపెట్టె. ప్యాకింగ్‌కి వంక పెట్టడానికి లేదు. పెట్టె ముందువైపు 'పాలిమర్ నానో టెక్నాలజీ, పేగుల్లో వంద రెట్లు ఎక్కువ శోషణ' అని పెద్దక్షరాలు, పక్కన రొమ్ము క్యాన్సర్‌కి గుర్తుగా వాడే గులాబీ రిబ్బను బొమ్మ. వెనకవైపు భూతద్దం పెట్టి చూస్తే 'మందుగా వాడరాదు' అని ఉంది. కంపెనీ పేరు రాయను. ఇలాంటి సీసాలు ఇప్పుడు చాలానే దొరుకుతున్నాయి, చెప్పే మాటలూ ఇంచుమించు ఒకటే. ఏది కొనబోతున్నా ఈ రివ్యూ పనికొస్తుంది.

నా గురించి రెండు ముక్కలు. కావలిలో మా మామగారి మందుల షాపు నేనే చూసుకుంటాను. ఎం.ఫార్మసీ నెల్లూరులో చదివాను. ప్రాజెక్టు సరిగ్గా ఈ సంగతి మీదే: క్యాన్సర్ మందును పాలిమర్ నానోకణాల్లో, అంటే కంటికి కనబడనంత చిన్న గుళికల్లో, పెట్టి నోటిద్వారా ఇస్తే పేగు గోడ దాటి లోపలికి ఎంత ఎక్కువ పోతుంది అని. అందుకే ఆ పెట్టె మీది మాటలు చదవగానే ముందు సంతోషమే వేసింది. ల్యాబుల్లో నలుగుతున్న పని అల్లూరు దాకా వచ్చిందే అనుకున్నాను.

అల్లూరు ఎందుకంటే, సీసా తెప్పించింది మా బావ. అక్కడ వనామీ రొయ్యల చెరువులు చేస్తాడు. మా అక్కకి రొమ్ము క్యాన్సర్. ఆపరేషన్, కీమో అన్నీ నెల్లూరులో అయ్యాయి. ఇప్పుడు రోజూ టామాక్సిఫెన్ 20 మిల్లీగ్రాముల బిళ్ల వేసుకుంటోంది, ఆ బిళ్లలు మా షాపు నుంచే వెళతాయి. ఒక ఆదివారం వాళ్లింటికి వెళితే ఫ్రిజ్ మీద ఈ సీసా కనబడింది.

"ఏంది బావా ఇది?"

"పసుపేలేమ్మా, నానో పసుపు. పొద్దున పది చుక్కలు, రాత్రి పది. రొయ్యకే పేగు బాగుండాలని ప్రోబయోటిక్ వేస్తన్నాం, మీ అక్కకి వెయ్యకూడదా?"

రొయ్యల రైతుతో సీసాల గురించి వాదించి గెలవలేం. కొన్న వాటిలో సగం పనిచేసినా, చెయ్యకపోయినా వచ్చే పంటకి మళ్లీ కొంటారు. నేను వాదించలేదు. సీసా ఇవ్వమని అడిగి కావలికి తెచ్చుకున్నాను.

ముందు సీసాకి దక్కాల్సిన మెప్పు దానికి ఇచ్చేస్తాను. షాపు కట్టేశాక రెండు గాజు గ్లాసుల్లో నీళ్లు పోసి, ఒకదాంట్లో వంటింటి పసుపు చిటికెడు, రెండోదాంట్లో ఈ చుక్కలు పది వేశాను. పసుపు గ్లాసు కలిపినంతసేపూ చిక్కగా ఉండి, చెంచా తియ్యగానే అడుక్కి దిగడం మొదలుపెట్టింది. చుక్కల గ్లాసులో చెంచా పెట్టే పనే లేదు. దానంతటదే కలిసిపోయి, అవతల ఉన్న క్యాలెండర్ అంకెలు చదువుకునేంత తేటగా తయారైంది. లైట్లు ఆర్పి మా అబ్బాయి ఆడుకునే ఎర్ర లేజర్‌తో పక్కనుంచి వెలుగు కొడితే ఈ అంచు నుంచి ఆ అంచుకి సన్నటి ఎర్రగీత కనబడింది. ఉత్త నీళ్లలో గీత లేదు. అంటే అందులో కంటికి కనబడని కణాలున్నాయి. వాటి సైజెంతో లేజర్ చెప్పదు, దానికి వేరే మిషను కావాలి. నిమ్మరసం పిండి చూశాను, విరగలేదు. తెల్లారి చూసినా అడుగున మడ్డి లేదు. పసుపుకి రంగునిచ్చే కర్క్యుమిన్ నీళ్లలో కరగదు, దాన్ని ఇంత తేటగా నీళ్లలో నిలబెట్టడం చిన్న పనేం కాదు. రుచి మాత్రం చేదు, వెనకాల సబ్బు నాలుక్కి తగిలినంత జిడ్డు. అక్క మజ్జిగలో కలుపుకుని తాగేదట.

కాబట్టి 'నానో' మాటతో నాకు పేచీ లేదు. పేచీ 'పాలిమర్' దగ్గర, 'వంద రెట్లు' దగ్గర, ఆ గులాబీ రిబ్బను దగ్గర.

వెనక రాసిన పదార్థాలివి: కర్క్యుమిన్ సారం, పాలిసార్బేట్ 80, గ్లిజరిన్, మిరియాల సారం, పొటాషియం సార్బేట్, నీళ్లు. ఏది ఎంతో లేదు. పది చుక్కల్లో కర్క్యుమిన్ ఎన్ని మిల్లీగ్రాములో పెట్టెంతా తిరగేసినా దొరకలేదు. పాలిసార్బేట్ 80 చెడ్డదేం కాదు, ఐస్‌క్రీముల్లో వాడతారు, క్యాన్సర్‌కిచ్చే డోసిటాక్సెల్ ఇంజెక్షన్‌లోనూ ఉంటుంది. నూనెలో కరిగేదాన్ని చుట్టుముట్టి నీళ్లలో తేలేట్టు చేస్తుంది. అలా ఏర్పడే కణాన్ని మిసెల్ అంటాం. పాలిమర్ నానోకణం వేరు. దాంట్లో పెద్ద గొలుసు అణువులు గట్టి గుళికగా ఏర్పడి, మందును లోపల ఇరికించుకుని, మెల్లమెల్లగా వదులుతాయి.

ఆ గుళికకి ఎక్కువగా వాడే పాలిమర్ పి.ఎల్.జి.ఏ. ఆపరేషన్లో లోపల వేసి వదిలేసే, తనంతట తాను కరిగిపోయే కుట్ల దారం జాతిది. ఒంట్లో లాక్టిక్ ఆమ్లంగా, గ్లైకాలిక్ ఆమ్లంగా విడిపోతుంది. రెండోది కైటోసాన్. ఇది మా బావకి చెబితే నమ్మలేదు గానీ, ఆయన చెరువు సరుకులోంచే వస్తుంది. రొయ్య తలా పొట్టూ పోగేసి, యాసిడ్‌తో ఖనిజాలు, క్షారంతో మాంసకృత్తులు తీసేస్తే కైటిన్ మిగులుతుంది. దాన్ని గాఢమైన కాస్టిక్ సోడాలో వేడిచేస్తే కైటోసాన్. నా ప్రాజెక్టు దీనితోనే. కైటోసాన్‌ని పలచటి ఎసిటిక్ ఆమ్లంలో కరిగించి, కింద స్టిర్రర్ తిరుగుతుండగా సిరంజితో ట్రైపాలీఫాస్ఫేట్ ద్రావణం చుక్కచుక్కగా వెయ్యాలి. 1997లో స్పెయిన్‌లోని శాంటియాగో డి కంపోస్టెలా వాళ్లు ప్రచురించిన పద్ధతి, ఖరీదైన మిషన్లు అక్కర్లేదు కాబట్టి మన కాలేజీలన్నిటికీ ఇష్టం. చుక్కలు పడుతుంటే ఒకచోట తేటగా ఉన్న ద్రవం ఉన్నట్టుండి లేత నీలి తెలుపుకి తిరుగుతుంది. అక్కడ చెయ్యి ఆపాలి. ఇంకాస్త వేస్తే కణాలన్నీ ఒకదానికొకటి అతుక్కుని ముద్దలై అడుక్కి పోతాయి, పొద్దుటి నుంచి చేసిందంతా సింకులో పొయ్యాలి.

తర్వాత పేగు కావాలి. స్టోన్‌హౌస్‌పేటలో మటన్ కొట్టుకి తెల్లారగట్ల వెళ్లి అప్పుడే కోసిన మేక పేగు తెచ్చుకునేవాళ్లం. కొట్టాయన మొదట్లో "కూరకా మేడం?" అని అడిగి, కాలేజీకి అని తెలిశాక డబ్బులు తీసుకోవడం మానేశాడు. చల్లటి సెలైన్‌లో కడిగి, గాజు కడ్డీకి తొడిగి, లోపలి వైపు బయటికి వచ్చేట్టు తిప్పి, రెండు కొసలూ దారంతో కట్టి, ఆక్సిజన్ బుడగలు పోయే ద్రావణంలో వేలాడదీస్తాం. మందు బయట, పేగు సంచిలో ఉత్త ద్రావణం. కాసేపటికోసారి లోపలి ద్రావణం కొంచెం తీసి ఎంత మందు దాటిందో కొలవాలి. తిప్పిన పేగు మీద వేలు రాస్తే మెత్తగా, జారుగా ఉంటుంది. ఆ జారుడే మొదటి అడ్డంకి, జిగురు పొర. దాని కింద ఒకదానికొకటి బిగించుకున్న పేగు కణాల వరస. కణంలోకి ఎలాగో దూరినా, పి-గ్లైకోప్రోటీన్ అనే పంపు మందును మళ్లీ పేగులోకే తోసేస్తుంది. ఒకవైపు చెరువుకి నీళ్లు పెడుతూ ఇంకోవైపు మోటారేసి తోడేస్తుంటే ఎంత నిలుస్తాయో అంతే నిలుస్తుంది మందు. దాన్నీ తప్పించుకున్నదాన్ని సి.వై.పి.3ఏ4 అనే ఎంజైము విరగ్గొడుతుంది. పాక్లిటాక్సెల్ అనే కీమో మందుని ఊరికే నోట్లో వేసుకుంటే పదోవంతు కూడా రక్తంలోకి చేరకపోవడానికి ఇవే కారణాలు.

పాలిమర్ గుళిక చేసే మేలు ఇక్కడే. మందు గుళికలో దాక్కుని ఉంటుంది కాబట్టి పంపుకి చిక్కదు, పేగు కణం గుళికని మొత్తంగా మింగేస్తుంది. కైటోసాన్ మీద ధనావేశం ఉంటుంది, జిగురు మీద రుణావేశం, కాబట్టి అక్కడే అతుక్కుని ఆగుతుంది, కణాల మధ్య బిగింపునీ కాసేపు సడలిస్తుంది. అయితే పి.హెచ్. 6.5 దాటితే ఆ ఆవేశం పోతుంది, పేగులో కిందికి పోయేకొద్దీ పి.హెచ్. పెరుగుతూనే ఉంటుంది. అందుకే ట్రైమిథైల్ కైటోసాన్ అని దాన్ని మార్చి వాడుతున్నారు. సింగపూర్ నేషనల్ యూనివర్సిటీ వాళ్లు విటమిన్ ఇ నుంచి చేసే టి.పి.జి.ఎస్. అనే పదార్థాన్ని పాలిమర్‌కి జతచేసి ఆ పంపునే నొక్కిపెట్టే పని చాలాకాలం చేశారు. మేక పేగు మీద, ఎలుకల మీద ఇవన్నీ చక్కగా పనిచేస్తాయి. నా గ్రాఫులూ అందంగానే వచ్చాయి.

మనుషుల దగ్గరికొచ్చేసరికి కథ నెమ్మదిస్తుంది. రోగుల దాకా చేరిన నానో పాక్లిటాక్సెల్ నరంలోకి ఎక్కించేదే. అమెరికాలో 2005లో అనుమతి పొందిన ఆబ్రాక్సేన్‌లో మందు ఆల్బుమిన్ ప్రోటీన్ కణాల్లో ఉంటుంది. కొరియా వాళ్ల జెనెక్సాల్-పి.ఎం. అచ్చంగా పాలిమర్‌తోనే చేసిన మిసెల్. మన దేశంలో డాబర్ ఫార్మా నానోక్సెల్ అని పాలిమర్‌తోనే తెచ్చింది. వీటివల్ల వచ్చిన లాభం కూడా తక్కువేం కాదు. మామూలు పాక్లిటాక్సెల్‌ని కరిగించడానికి ఆముదం నుంచి చేసే క్రెమోఫోర్ వాడతారు, వీటికి అది అక్కర్లేదు. దానివల్ల కొందరికి ఎలర్జీ వస్తుంది. అక్కకి కీమోలో ప్రతిసారీ ముందుగా స్టెరాయిడ్, అవిల్ ఇచ్చి గాని సెలైన్ మొదలుపెట్టకపోవడానికి అదే కారణం. నోటిద్వారా ఇచ్చే పాక్లిటాక్సెల్ కోసం గట్టి ప్రయత్నాలు జరగలేదని కాదు. పేగులోని పంపుని ఆపే ఎన్‌సెక్విడార్‌తో కలిపిన క్యాప్సూల్‌ని 2021లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్.డి.ఏ. ఇంకో ట్రయల్ కావాలని తిప్పి పంపింది. కొరియాలో 2016లో ఒకదానికి అనుమతి వచ్చింది, అది కొవ్వు ఆధారంగా చేసింది. పాలిమర్ నానోకణాల్లో పెట్టిన క్యాన్సర్ మందు, నోటిద్వారా వేసుకునేది, నా షాపు ర్యాకులో లేదు, నేను ఆర్డరు పెట్టే డిస్ట్రిబ్యూటర్ల దగ్గరా లేదు. ఇంత పని మిగిలి ఉన్నచోట 1,290 రూపాయల పసుపు సీసా గులాబీ రిబ్బను కట్టుకుని వచ్చేసింది.

సరే, వంద రెట్లు. ఇలాంటి అంకె పూర్తిగా గాల్లోంచి రాదు. 2014లో జర్మనీలో ఆరోగ్యవంతులకి కర్క్యుమిన్ పొడీ, పాలిసార్బేట్ మిసెల్ కర్క్యుమిన్నీ ఇచ్చి పోలిస్తే మిసెల్‌తో రక్తంలో 185 రెట్లు కనబడింది. అది వాళ్లు చేసిన సరుకు, వాళ్లు ఇచ్చిన మోతాదు. ఈ సీసా మీద మోతాదే లేదు. ఇంకో మెలిక ఉంది, దాన్ని ఏ ప్రకటనా చెప్పదు. కర్క్యుమిన్ పేగు గోడలోకి వెళ్లీ వెళ్లగానే ఒళ్లు దానికి గ్లూక్యురోనిక్ ఆమ్లాన్ని తగిలించేస్తుంది, బయటికి పంపడానికి. రక్తంలో తిరిగేది ఎక్కువ భాగం ఆ తోక తగిలించుకున్నదే. ల్యాబులో ఎంజైముతో ఆ తోక కత్తిరించి, మొత్తం కలిపి కొలిస్తే అంత పెద్ద అంకె వస్తుంది. ల్యాబు గిన్నెలో క్యాన్సర్ కణాల మీద పనిచేసింది తోకలేని కర్క్యుమిన్. కాబట్టి శోషణ వంద రెట్లు పెరిగితే ఫలితం వంద రెట్లు పెరిగినట్టు కాదు. 2008లో హ్యూస్టన్‌లో క్లోమ క్యాన్సర్ రోగులకి రోజుకి 8 గ్రాముల కర్క్యుమిన్ ఇచ్చి చూశారు. రక్తంలో చాలా కొంచెమే దొరికింది, మేలు కనబడింది ఒకరిద్దరిలోనే. నానోలోకి మార్చాలన్న ఆలోచన ఇలాంటి ఫలితాల వల్లే బలపడింది, అది సరైన ఆలోచనే. నా తగాదా ఆలోచనతో కాదు, అది ముగిసినట్టు అమ్మడంతో.

ఇక నిద్ర పట్టనివ్వని సంగతి, మిరియాల సారం. మిరియంలోని పైపరిన్ పేగులోని ఆ పంపునీ, సి.వై.పి.3ఏ4 ఎంజైమునీ రెండిటినీ మందగింపజేస్తుంది. 1998లో బెంగళూరు సెయింట్ జాన్స్ మెడికల్ కాలేజీలో 2 గ్రాముల కర్క్యుమిన్‌తో 20 మిల్లీగ్రాముల పైపరిన్ ఇస్తే శోషణ 2000 శాతం పెరిగిందని తేల్చారు. అప్పటి నుంచి చాలా పసుపు క్యాప్సూళ్లలో మిరియం చేరింది. అయితే అది కర్క్యుమిన్ ఒక్కదానికే తలుపు తియ్యదు, ఆ దారిన పోయే మిగతా మందుల లెక్కా మారుస్తుంది. టామాక్సిఫెన్ ఆ దారినే పోతుంది. 2019లో నెదర్లాండ్స్‌లోని రోటర్‌డామ్ డాక్టర్లు టామాక్సిఫెన్ వాడుతున్న రొమ్ము క్యాన్సర్ రోగులకే కర్క్యుమిన్, పైపరిన్ కలిపి ఇచ్చి రక్తం పరీక్ష చేశారు. టామాక్సిఫెన్ ఒంట్లో మారి తయారయ్యే అసలు పనిమంతురాలు ఎండాక్సిఫెన్. అది పెరగలేదు సరికదా 12 శాతం దాకా తగ్గింది. చేసింది కొద్దిమంది మీదే. కొందరిలో అది చాలినంత స్థాయి కంటే కిందికి పోవచ్చని వాళ్ల భయం. సరిగ్గా మా అక్క వేసుకునే బిళ్ల, సరిగ్గా ఈ సీసాలో ఉన్న జంట.

కస్టమర్ కేర్‌కి ఫోన్ చేశాను. అమ్మాయి మర్యాదగానే మాట్లాడింది.

"మేడం, టామాక్సిఫెన్ వాడేవాళ్లు ఇది వేసుకోవచ్చా?"

"పసుపే కదా మేడం, హెర్బల్. సైడ్ ఎఫెక్ట్స్ ఉండవు. కీమోలో ఉన్నవాళ్లు కూడా వాడుతున్నారు, మంచి రిజల్ట్ అంటున్నారు."

"ఒక మిల్లీలీటర్లో ఎన్ని మిల్లీగ్రాములుంది?"

"పది చుక్కలు మేడం, రెండు పూటలా."

కణాల సైజు రిపోర్టు, బ్యాచ్ పరీక్ష సర్టిఫికెట్ పంపమని మెయిల్ పెట్టాను. రంగురంగుల బ్రోచరు వచ్చింది, దాంట్లో మెరిసే బంగారు గుండ్లు క్యాన్సర్ కణంలోకి దూరుతున్న బొమ్మ. అంకెలున్న కాగితం ఒక్కటీ రాలేదు. ఆహార సప్లిమెంటుగా లైసెన్సు తీసుకున్న సరుకు రోగం నయం చేస్తానని చెప్పకూడదు. క్యాన్సర్ నయం చేస్తామని ప్రకటించడం 1954 నాటి మ్యాజిక్ రెమెడీస్ చట్టం కిందే తప్పు. అందుకే కాబోలు, పెట్టె మీద క్యాన్సర్ అన్న మాట ఎక్కడా రాయకుండా రిబ్బనుతో సరిపెట్టారు. తెలివైనవాళ్లే.

అక్క చెకప్‌కి నెల్లూరు వెళ్లినప్పుడు పెట్టె వెనకభాగం ఫోటో తీసి ఇచ్చి పంపాను. డాక్టరుగారు పదార్థాలు చదివి వెంటనే ఆపెయ్యమన్నారట. "అయితే మిరియాల చారు కూడా మానెయ్యాలా సార్?" అని అక్క అడిగితే, వంటలో ఎప్పటిలాగే తినండి, సారం తీసిన సీసాలూ క్యాప్సూళ్లూ వద్దు అన్నారట. ఇంకో మాట కూడా అన్నారని అక్క చెప్పింది: ఏం వాడుతున్నారో చెప్పకుండా దాస్తారు, రిపోర్టుల్లో తేడా వస్తే మేం ఎక్కడ వెతకాలి అని. మా కౌంటర్ దగ్గరా అదే తంతు. బి.పి. బిళ్లలు అడుగుతారు, సంచిలో ఉన్న పొడుల గురించి చెప్పరు.

స్టార్లు తప్పనిసరి కాబట్టి: నీళ్లలో కలిసే తీరుకి నాలుగు, డెలివరీకి ఐదు, లేబుల్‌కి ఒకటి, క్యాన్సర్ చికిత్సలో ఉన్నవాళ్లకి అమ్మే పద్ధతికి సున్నా ఇద్దామంటే సున్నా పెట్టే చోటు లేదు. ఏ మందూ వాడని మనిషి మోకాళ్ల నొప్పులకి వేసుకుంటానంటే నేను అడ్డుపడను, ధర ఎక్కువని మాత్రం చెబుతాను. రక్తం పలచబడే మందులు, క్యాన్సర్ బిళ్లలు, ఫిట్స్ మందులు వాడేవాళ్లయితే డాక్టర్ని అడక్కుండా ముట్టుకోవద్దు. కొనాలనే ఉంటే మూత తియ్యకముందే వెనకవైపు చదవండి. సీలు తీశాక వాపసు లేదు, మా బావ అడిగి చూశాడు, సగం సీసా ఇంకా అలాగే ఉంది. తర్వాతి సీసాకి ఇరవై శాతం డిస్కౌంటు కూపన్ మాత్రం పంపారు.